పట్టా అతని పేరున, సగం వాటా ఆమెది: మానిటోబా మెన్నోనైట్ ఇల్లాలి బతుకు

మెన్నోనైట్ రైతు ఇల్లాలు అనగానే ఇప్పుడు చాలామంది కళ్ల ముందు మెదిలే బొమ్మ ఒకటుంది. పొడుగు గౌను, తలకి గుడ్డ, చేతిలో గుడ్ల బుట్ట, వెనకాల పచ్చటి పొలం, ఎవరి మీదా ఆధారపడకుండా అన్నీ తానే పండించుకుని తానే వండి పిల్లలకి పెట్టుకునే తల్లి. యూట్యూబ్‌లో, ఇన్‌స్టాలో ఈ బొమ్మకి గిరాకీ బాగా ఉంది. ఇందులో చాకిరీ నిజం, గుడ్లు నిజం, తలగుడ్డ కూడా నిజమే. "ఎవరి మీదా ఆధారపడకుండా" అన్న ముక్క మాత్రం నిజం కాదు. ఆమె బతుకు నిలబడిందే ఇరుగుపొరుగు మీద, ఊరి కట్టుబాటు మీద, ఆస్తి పంపకం కోసం వాళ్లు పెట్టుకున్న ఒక ఆఫీసు మీద. ఇది అర్థం కావాలంటే 1874లో కెనడాలోని మానిటోబాకి వెళ్లాలి.

మెన్నోనైట్లు ఎవరో ముందు నాలుగు మాటల్లో చెప్పుకుందాం. 1525లో జూరిక్‌లో మొదలైన ఒక క్రైస్తవ ఉద్యమం వాళ్లది. పసిపిల్లలకి బాప్తిస్మం ఇవ్వకూడదు, బుద్ధి తెలిసినవాళ్లు తమంతట తాము తీసుకోవాలి, ఆయుధం పట్టకూడదు, కోర్టులో ప్రమాణం చేయకూడదు అన్నారు. 1536లో కేథలిక్ పూజారి పని వదిలేసి వాళ్లతో కలిసిన మెన్నో సైమన్స్ పేరు మీద మెన్నోనైట్లు అయ్యారు. చంపుతారన్న భయంతో డచ్చి ప్రాంతం నుంచి విస్తులా నది డెల్టాకి వెళ్లి అక్కడి బురద నేలల్ని సాగులోకి తెచ్చారు, అక్కడా ఒత్తిడి పెరిగితే రష్యా మహారాణి కేథరిన్ పిలుపు మీద ఇప్పటి ఉక్రెయిన్‌కి పోయి 1789లో ఖోర్టిట్సా, 1804లో మొలోచ్నా కాలనీలు కట్టుకున్నారు. సైన్యంలో చేరక్కర్లేదన్న మాట మీదే అక్కడికి వెళ్లారు. 1870ల్లో రష్యా అందరికీ సైనిక సేవ తప్పనిసరి చేయబోతోందని తెలిసి, 1873లో 12 మంది పెద్దమనుషుల్ని అమెరికా ఖండానికి పంపి నేలలు చూసి రమ్మన్నారు. ఆ తర్వాత పదేళ్లలోపే దాదాపు 18,000 మంది రష్యా వదిలేశారు. ఎక్కువమంది కాన్సాస్, నెబ్రాస్కా, మిన్నెసోటా, డకోటా వైపు వెళ్లగా, 7,000 మంది దాకా మానిటోబా వచ్చారు. నేలలు చూసొచ్చిన ఆ 12 మందిలో ఒక్క ఆడమనిషి కూడా లేదు. ఇది గుర్తుంచుకోవాలి, మళ్లీ పని పడుతుంది.

1874 ఆగస్టు 1న మొదటి గుంపు స్టీమర్‌లో రెడ్ నది మీదుగా వచ్చి, ర్యాట్ నది కలిసే చోట దిగింది. రాత్రికి తలదాచుకోవడానికి అక్కడికి కొంచెం దూరంలో చెక్క షెడ్లు. కుటుంబాలన్నీ వాటిలోనే సర్దుకున్నాయి. కనుచూపు మేర గడ్డి, బురద, దోమలు. నాలుగు నెలలు తిరక్కుండానే మైనస్ 30 డిగ్రీల చలి. ఆ మొదటి చలికాలం చాలా కుటుంబాలు సెమ్లిన్‌లో గడిపాయి. సెమ్లిన్ అంటే నేలని గొయ్యిలా తవ్వి, పైన వాసాలు పరిచి, వాటి మీద గడ్డి, గడ్డ మట్టి కప్పిన ఇల్లు. చలికి పశువుల్ని కూడా ఇంటి కప్పు కిందే కట్టేసేవాళ్లు. అక్కడే వంట, అక్కడే కాన్పు, అక్కడే పిల్లలకి జ్వరాలు. మగవాళ్లలో చాలామంది చలి ముదిరేలోపు కట్టెలు కొట్టడానికి, కూలికి, గింజలు కొనడానికి బయటికి తిరిగేవాళ్లు. గొయ్యిలో మిగిలేది ఆమె, పిల్లలు.

తిండి సంగతి చూస్తే ఆ ప్రయాణం ఎంత ముందుచూపుతో జరిగిందో తెలుస్తుంది. బయల్దేరే ముందు ఆడవాళ్లు వారాల తరబడి స్విబాక్ కాల్చి సంచులు నింపారు. స్విబాక్ అంటే రెండంతస్తుల బన్ను. పాలు, వెన్న లేదా పంది కొవ్వు, ఈస్టు వేసి మెత్తగా పిసికిన పిండిని బొటనవేలు, చూపుడువేలు మధ్య నుంచి నొక్కి నిమ్మకాయంత ఉండ తీసి ట్రే మీద పెడతారు, దాని నెత్తి మీద ఇంకో చిన్న ఉండ పెట్టి, వేలితో నడిమధ్యన అడుగు దాకా నొక్కుతారు. నొక్కుడు సరిగ్గా పడకపోతే పొయ్యిలో పొంగేటప్పుడు పై ఉండ పక్కకి ఒరిగిపోతుంది. ఆ ఉండ ఒరిగిందా నిలిచిందా అన్నదాన్ని బట్టే ఇల్లాలి చేతి వాటం తెలిసిపోయేది. తాజాగా తింటే మెత్తగా ఉంటుంది, మళ్లీ సన్నటి వేడి మీద చెమ్మంతా పోయేదాకా ఎండబెడితే నెలల తరబడి పాడవదు. ఓడలో, రైల్లో, స్టీమర్‌లో, చివరికి ఆ షెడ్లలో కూడా పిల్లల కడుపు నింపింది ఇదే. దీన్ని ముంచుకుని తినడానికి కాఫీ కావాలి, కానీ కాఫీ గింజలు దొరకవు, దొరికినా కొనలేరు, అందుకని బార్లీ వేయించి మరిగించి ప్రిప్స్ అని తాగేవాళ్లు.

ఇక అసలు విషయం, నేల. కెనడా 1872 చట్టం ప్రకారం పది డాలర్ల రుసుము కట్టినవాడికి 160 ఎకరాలు ఇస్తారు. అందులో ఇల్లు కట్టుకుని, కొంత సాగు చేసి, మూడేళ్లు ఉంటే పట్టా. వినడానికి బాగుంది. కానీ ఈ చట్టం రాసినవాళ్ల మనసులో ఉన్నది ఎవరి 160 ఎకరాల మధ్యలో వాళ్ల ఇల్లు. అంటే పక్కింటి పొగ కనపడాలన్నా అరమైలు చూపు సారించాలి. ప్రెయిరీ నేలల్లో స్థిరపడ్డ ఇంగ్లీషు, స్కాటిష్ కుటుంబాల ఆడవాళ్ల ఉత్తరాల్లో, డైరీల్లో మళ్లీ మళ్లీ వినిపించేది ఈ ఒంటరితనమే. నొప్పులొస్తే ఎవరిని పిలవాలి, మంచు తుఫానులో పిల్లాడికి ఊపిరాడకపోతే ఎటు పరిగెత్తాలి.

మెన్నోనైట్లు ఆ పద్ధతి వద్దన్నారు. ఒక ఇరవై కుటుంబాలు తమ తమ పేర్ల మీద వచ్చిన 160 ఎకరాల ముక్కల్ని కలిపేసి, ఒక చోట వీధి గీసుకుని, వీధికి అటూ ఇటూ వరసగా ఇళ్లు కట్టుకున్నారు. చుట్టూ ఉన్న నేలని బాగున్నదీ బాగోలేనిదీ అందరికీ వచ్చేలా పట్టీలుగా పంచుకున్నారు, పశువులకి ఉమ్మడి బీడు, ఉమ్మడి కాపరి. రష్యాలో ఉన్న పద్ధతే ఇది. 1876లో ప్రభుత్వం చట్టం సవరించి ఇలా ఊరుగా ఉన్నా సాగు చేస్తే పట్టా ఇస్తామంది. ఈస్ట్ రిజర్వ్, వెస్ట్ రిజర్వ్ అని పిలిచే రెండు ప్రాంతాల్లో ఇలాంటి ఊళ్లు వందకి పైగా లేచాయి. 1874లో 18 కుటుంబాలతో మొదలైన స్టైన్‌బాక్ ఇప్పుడు ఒక నగరం. నొయ్‌బర్గ్‌తాల్ అనే ఊళ్లో ఆనాటి వీధి, ఇళ్లు కొన్ని ఇంకా అలాగే ఉన్నాయి, ఆ ఊరిని జాతీయ చారిత్రక స్థలంగా కాపాడుతున్నారు.

వ్యవసాయ చరిత్ర రాసేవాళ్లు దీన్ని మత సంప్రదాయం అనో, పంట పద్ధతి అనో చెప్పి వదిలేస్తారు. ఆ వీధి వల్ల అందరికంటే ఎక్కువ మేలు జరిగింది ఇంట్లో ఉండే ఆడమనిషికి. అరమైలు దూరం కొన్ని అడుగులైపోయింది. నొప్పులు మొదలైతే పెద్దపిల్ల వీధిలోకి పరిగెత్తి మంత్రసానిని పిలుచుకొస్తుంది, ఆమె వచ్చేలోపు పక్కింటావిడ నీళ్లు కాస్తుంది, ఎదురింటావిడ మిగతా పిల్లల్ని తీసుకుపోతుంది. ఎనిమిది, పది కాన్పులు మామూలైన రోజుల్లో ఈ తేడా చిన్నది కాదు.

ఇల్లు కట్టిన తీరు కూడా చూడాలి. ఇల్లూ కొట్టమూ ఒకదానికొకటి ఆనుకుని ఒకే పొడుగు కప్పు కింద ఉంటాయి. మధ్యలో ఒక తలుపు. బయట మంచు మోకాలి దాకా ఉన్నా ఆమె వంటింట్లోంచి చెంబు పట్టుకుని తలుపు తీసుకుని వెళ్లి ఆవుల పాలు పితుక్కుని వచ్చేస్తుంది. ఇంటి నడుమ ఇటుకలతో కట్టిన పెద్ద పొయ్యి, దాని గోడలే నాలుగు గదులకీ గోడలు, ఒక్క మంటతో అన్ని గదులూ వెచ్చబడతాయి. చెట్లు లేని నేలలో ఆ పొయ్యికి కట్టెలెక్కడివి? గడ్డి, పేడ. చలికాలమంతా కొట్టంలో పోగైన పేడని వేసవి మొదట్లో బయట పరిచి, గుర్రాలతో తొక్కించి, పారతో ఇటుకల్లా కోసి, ఎండబెట్టి, పేర్చి పెట్టేవాళ్లు. మన పిడకలకి అన్నదమ్ముల్లాంటివి. ఆరేదాకా తిరగేయడం, పేర్చడం ఆడవాళ్లు, పిల్లల పని. గోడకి రష్యా నుంచి గుడ్డల్లో చుట్టి తెచ్చుకున్న క్రోగర్ గడియారం, పెట్టె లేకుండా లోలకం బయటికి ఊగుతూ ఉండేది.

పనుల లెక్క చెప్పాలంటే పొద్దున నాలుగింటి నుంచి మొదలుపెట్టాలి. పాలు పితకడం ఆమె పని, వెన్న చిలకడం, కోళ్లు, తోట, రొట్టె, కుట్టు, ఉతుకు, కోతల కాలంలో పొలంలో పనలు పేర్చడం. దుకాణంలో పంచదార, గుడ్డ, ఉప్పు వచ్చేది చాలావరకు ఆమె వెన్న, గుడ్లు ఇచ్చి తెచ్చిందే. గోధుమ డబ్బు ఏడాదికొకసారి, అదీ మిడతలు వదిలితే. 1875లో మిడతల దండు పంటని తినేసింది, కెనడా ప్రభుత్వం దగ్గర అప్పు తీసుకోవాల్సి వచ్చింది, ఓంటారియోలో అప్పటికే స్థిరపడ్డ మెన్నోనైట్లు దానికి పూచీ నిలబడ్డారు. అలాంటి ఏడాది కూడా ఆవు పాలిస్తుంది, కోడి గుడ్డు పెడుతుంది. అంటే ఇంటిని ఆ ఏడాది నిలబెట్టిన ఆదాయం ఎవరి చేతి కింద పుట్టిందో వేరే చెప్పక్కర్లేదు.

చలి మొదలయ్యాక పందిని కోసే రోజు ఊళ్లో పండగలాంటిది. నాలుగైదు జంటలు తెల్లవారకముందే ఒక ఇంట్లో చేరతారు. మగవాళ్లు కోయడం, ముక్కలు చేయడం. ఆడవాళ్లు పేగులు గీకి కడగడం, సాసేజ్ నింపడం, పెద్ద ఇనప కాగులో కొవ్వు కరిగించడం. అదే కాగులో పక్కటెముకలు వేగుతాయి, అడుగున కరకరలాడే తునకలు మిగులుతాయి. సాయంత్రానికి ఒక ఇంటికి ఏడాది కొవ్వు, మాంసం సిద్ధం. మర్నాడో వారం తర్వాతో ఇంకో ఇల్లు. ఒక్క కుటుంబం ఒక్కటే చేసుకోగలిగే పని కాదిది, అలా చేసుకోవాలని వాళ్లు అనుకోనూ లేదు. ఆదివారం పని చేయకూడదు కాబట్టి శనివారమే స్విబాక్ కాల్చి పెట్టుకుని, ఆదివారం మధ్యాహ్నం చెప్పాపెట్టకుండా వచ్చే చుట్టాలకి జామ్‌తో, ప్రిప్స్‌తో ఫాస్పా అనే చిన్న భోజనం పెట్టేవాళ్లు. ఎవరొస్తారో, ఎంతమందొస్తారో తెలియదు. అందుకే ట్రేలకి ట్రేలు.

ఇప్పుడు ఆస్తి సంగతికి వద్దాం, ఈ వ్యాసంలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. పట్టా మగవాడి పేరు మీదే వచ్చింది. కెనడా చట్టంలో 1876 నుంచి పెళ్లికాని ఆడమనిషికి ఈ ఉచిత నేల ఇవ్వరు, పిల్లల్ని సాకుతున్న వితంతువు లాంటి కుటుంబ పెద్ద అయితేనే ఇస్తారు. అమెరికాలో 1862 చట్టం ఒంటరి ఆడవాళ్లకీ ఇచ్చింది, ఇక్కడ ఇవ్వలేదు. పైగా 1885లో మానిటోబా ప్రభుత్వం భర్త భూమిలో భార్యకున్న పాత హక్కుని కూడా తీసేసింది. భర్త ఆమెకి చెప్పకుండా నేల అమ్ముకోవచ్చు, వీలునామాలో ఇంకెవరికైనా రాసేయొచ్చు. ముప్పై ఏళ్లకి పైగా ఇలాగే నడిచింది, 1918లో కొత్త చట్టం వచ్చేదాకా.

మెన్నోనైట్ ఊళ్లో మాత్రం ఇది నడవదు. అక్కడ వైజెనామ్ట్ అని ఒకటుంది. మాటకి అర్థం అనాథల ఆఫీసు. ఇద్దరు ముగ్గురు పెద్దమనుషులు, ఒక లెక్కల పుస్తకం, రాసిపెట్టుకున్న నియమాలు. భర్త పోయినా భార్య పోయినా ఆస్తిలో సగం బతికున్నవాళ్లది. మిగతా సగం పిల్లలందరికీ సమానం. కూతురికి ఎంతో కొడుక్కీ అంతే, నేలలో కూడా. పిల్లల తరఫున చూడటానికి సంరక్షకుల్ని పెడతారు, మైనర్ల వాటా డబ్బుని ఆఫీసు దగ్గర పెట్టుకుని వడ్డీకి ఇస్తుంది. బతికున్న తల్లో తండ్రో మళ్లీ పెళ్లి చేసుకోవాలంటే ముందు ఈ పంపకం తేలాలి. ఆ రోజుల్లో బాలింతలు చనిపోవడం, ఏడుగురు పిల్లలతో మిగిలిన మగవాడు కొన్ని నెలల్లోనే మళ్లీ పెళ్లి చేసుకోవడం, ఆమె కూడా తన పిల్లలతో వచ్చిన వితంతువు కావడం ఎంత మామూలంటే, ఈ నియమమే లేకపోతే మొదటి తల్లి పిల్లల నోట్లో మట్టి పడేదే. సవతి తల్లి మంచిదా చెడ్డదా అన్న అదృష్టం మీద పిల్లల బతుకు వదలకుండా వాళ్లు దాన్ని పుస్తకంలో రాసి పెట్టారు. అది గొప్ప పని.

కూతుళ్లకీ నేల రావడం వల్ల ఇంకోటి జరిగింది. కొత్త జంటలు అత్తారి ఊరికే వెళ్లాలన్న పట్టింపు లేకపోయింది. చాలామంది అల్లుళ్లు భార్య పుట్టింటి వైపే వచ్చి స్థిరపడ్డారు, ఎందుకంటే నేల అక్కడ దొరికింది. అంటే మొదటి కాన్పుకి, రెండో కాన్పుకి, పదో కాన్పుకి కూడా అమ్మ, అక్కచెల్లెళ్లు అదే వీధిలో ఉన్న ఆడవాళ్లు చాలామంది.

అయితే ఇక్కడే తిరకాసు కూడా ఉంది. సగం ఆస్తి ఆమెది, కానీ ఊరి మీటింగులో మాట ఆమెది కాదు. బాప్తిస్మం తీసుకున్న మగవాళ్లు కూర్చుని నిర్ణయాలు చేసే సభని బ్రూడర్‌షాఫ్ట్ అంటారు, అన్నదమ్ముల సభ. చర్చిలో ఆడవాళ్లు ఒక వైపు, మగవాళ్లు ఒక వైపు. వితంతువు తన వాటా మీద లావాదేవీ చేయాలన్నా పక్కన ఒక మగ సలహాదారు ఉండాలి. వలస వెళ్లాలా వద్దా, బడి ఎలా నడపాలి, ఎవరిని సంఘం నుంచి వెలివేయాలి, ఇవన్నీ ఆమె లేకుండా తేలతాయి. హక్కు ఇచ్చి గొంతు ఇవ్వకపోవడం అన్యాయమే, దాన్ని సంప్రదాయం అని సర్దిచెప్పడం కుదరదు.

ఆడదానికి ఇంటి బయట పేరు తెచ్చిన పని ఒకటే, మంత్రసాని పని. స్టైన్‌బాక్‌లో అగనేథా రైమర్ లాంటివాళ్లు దశాబ్దాల పాటు వందల కాన్పులు చేశారు. ఎముకలు సర్దే పని కూడా ఇలాంటి ఆడవాళ్లు కొందరు చేసేవాళ్లు. చాలాచోట్ల మంత్రసానే చచ్చినవాళ్లకి స్నానం చేయించి, బట్టలు తొడిగి, శవాన్ని సిద్ధం చేసేది. ఊళ్లో మొదటి స్పర్శ, చివరి స్పర్శ ఒకే చేతివి. తన ఇంట్లో పదిమంది పిల్లలుండగా అర్ధరాత్రి బండి కట్టించుకుని వేరే ఊరు వెళ్లిన ఆమెని ఇల్లు వదిలిందని ఎవరూ తప్పు పట్టలేదు.

పెళ్లి చేసుకోని ఆడవాళ్లకి కొన్నాళ్లకి ఇంకో దారి తెరుచుకుంది, మిషన్. ఆ దారి నేరుగా పాలమూరు, నల్లగొండ దాకా వచ్చింది. రష్యా మెన్నోనైట్లైన అబ్రహాం, మారియా ఫ్రీజెన్ దంపతులు 1889లో వచ్చి నల్లగొండలో పని మొదలుపెట్టారు, 1899 నుంచి అమెరికా మెన్నోనైట్ బ్రదరెన్ వాళ్లు కూడా హైదరాబాద్ సంస్థానానికి వచ్చారు. మహబూబ్‌నగర్ వైపు ఊళ్లలో ఇప్పటికీ ఎం.బి. చర్చి అంటే తెలియనివాళ్లు తక్కువ. 1907లో వచ్చిన డాక్టర్ కాథరీనా షెల్లెన్‌బర్గ్ 1870లో రష్యాలో పుట్టి, తొమ్మిదేళ్ల వయసులో కుటుంబంతో కాన్సాస్ వలస వెళ్లి, ఇలాంటి ఇళ్లలోనే పెరిగిన మనిషి. నాగర్‌కర్నూల్‌లో, తర్వాత శంషాబాద్ మిషన్ ఆసుపత్రిలో పనిచేసి 1945లో శంషాబాద్‌లోనే కన్నుమూశారు. మానిటోబా అన్నదమ్ముల సభలో ఆడవాళ్లకి మాట లేదు, ఇక్కడ ఒక మెన్నోనైట్ ఆడమనిషి ఆసుపత్రిలో డాక్టరుగా పనిచేసింది.

మానిటోబాలో ఆ ఊళ్లు ఎక్కువకాలం అలా నిలవలేదు. ఊరుమ్మడి పద్ధతికి చట్టంలో బలం లేదు, పట్టా ఎవరి ముక్క వాళ్ల పేరే కదా. ఒకడు తన 160 ఎకరాలు తనకి కావాలంటే ఆపేవాళ్లు లేరు. 1880ల నుంచే ఒక్కొక్కరు విడిపోయి తమ పొలం మధ్యకి ఇల్లు మార్చుకున్నారు. మగవాడికి అది లాభం, పొలం ఇంటి ముందే ఉంటుంది. ఆమెకి మాత్రం అరమైలు దూరం మళ్లీ వచ్చింది. వైజెనామ్ట్‌లు కూడా కొన్ని 1930ల మాంద్యంలో ఇచ్చిన అప్పులు తిరిగిరాక కూలిపోయాయి.

1916లో మానిటోబా కెనడాలోనే మొదటగా ఆడవాళ్లకి ఓటు ఇచ్చింది. అదే ఏడాది ఇంగ్లీషు బడి తప్పనిసరి చేసింది. ఇంట్లో ప్లాట్‌డీచ్ అనే జర్మన్ యాస, చర్చిలో బడిలో జర్మన్ నడిచే ఊళ్లకి ఆ రెండోది పెద్ద దెబ్బ. బడికి పంపకపోతే జరిమానాలు, జైలు. చివరికి 1922 మార్చిలో, పాత పద్ధతులు వదలని ఓల్డ్ కాలనీ అనే శాఖ మెన్నోనైట్లు ప్రత్యేక రైళ్లలో పశువులు, సామాన్లు, పిల్లలతో మెక్సికోలోని చివావాకి బయల్దేరారు. 1926, 27లో 1,700 మందికి పైగా పరాగ్వేలోని చాకో అనే ముళ్ల పొదల ప్రాంతం వైపు వెళ్లారు. అక్కడ ఇస్తామన్న నేల కొలతలే పూర్తవలేదు. పుయెర్తో కసాదో నది రేవులో ఏడాదికి పైగా ఎండలో పడిగాపులు కాశారు, టైఫాయిడ్ వచ్చి 150 మందికి పైగా పోయారు, వాళ్లలో పసిపిల్లలే ఎక్కువ. నిర్ణయం అన్నదమ్ముల సభది, పిల్లల్ని పూడ్చిపెట్టుకున్నది ఆ తల్లులు.

రష్యాలో ఉండిపోయినవాళ్ల గతి ఇంకా ఘోరం. 1937, 38 అరెస్టుల్లో ఊళ్లకి ఊళ్లు మగదిక్కు లేకుండా పోయాయి. యుద్ధంలో పడమటికి పారిపోయి జర్మనీ చేరిన ఆడవాళ్లు, పిల్లలు 1947 ఫిబ్రవరిలో వోలెండామ్ అనే ఓడలో బ్రెమర్‌హావెన్ నుంచి పరాగ్వేకి వెళ్లారు, 2,000 మందికి పైగా. వాళ్లలో కొందరు చాకోలోని నొయ్‌లాండ్ కాలనీలో ఫ్రీడెన్స్‌హైమ్ అనే ఊరు కట్టుకున్నారు. అందులో దాదాపు అందరూ భర్తలు లేని తల్లులే కాబట్టి దానికి ఆడవాళ్ల ఊరు అని పేరు పడింది. మట్టి ఇటుకలు కోసి, బావులు తవ్వుకుని, ఎద్దులతో దున్ని, ముళ్ల పొదలు నరికి. ఇళ్లు మాత్రం ఎవరి నేల మధ్యన వాళ్లు కట్టుకోలేదు. వీధి గీసుకుని, వరసగా కట్టుకున్నారు.